చిప్పపొర

నూకరత్నం రెండోసారి గట్టిగా పీల్చి, మొహం చిట్లించి, చేతిలోని పరికరాన్ని బల్ల మీదికి విసిరికొట్టింది. నోట్లోకి కారిన చేదంతా కొంగులోకి ఉమ్మేసింది.

"థూ! పొగొత్తాదన్నారు, కసాయం ఒచ్చింది! నాలిక మండిపోతంది డాట్రమ్మా!"

చుట్ట మాన్పించే కేంద్రంలో బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. వాళ్ళలో చాలామంది భీమిలి అవతలి పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం పెళ్ళికి ముందు నుంచీ అలవాటైనవాళ్ళు. వాళ్ళని చుట్ట నుంచి తప్పించడానికి, డాక్టరు రాసిస్తేనే ఇచ్చేలా, ప్రభుత్వం ఆ ఏడాది ఈ-సిగరెట్ మీద నిషేధాన్ని కొంచెం సడలించింది. అయిపోయినప్పుడల్లా ద్రవం నింపుకునే రకం అది. ఆడవాళ్ళు దానికి కరెంటు చుట్ట అని పేరు పెట్టేశారు.

"నీళ్ళతో పుక్కిలించండి. మింగకండి," అంది వరహాలు గ్లాసు అందిస్తూ.

వరహాలు వైద్యురాలు కాదు. ఆ పరికరాలు తయారుచేసే రుషికొండ పరిశోధనశాలలో శాస్త్రవేత్త. అక్కడ అందరికీ ఆమె డాక్టర్ వర. నీళ్ళు పుక్కిలిస్తున్న ముసలామె తన కన్నతల్లి అని ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పొద్దున లోపలికి వచ్చేముందే తల్లికి చెప్పుకుంది.

"అమ్మా, లోపల నన్ను పేరు పెట్టి పిలవకు. సొంతవాళ్ళకి ముందు ఇచ్చుకున్నానని అనుకుంటారు."

నూకరత్నం కూతురి మొహంలోకి కాసేపు చూసి, "సర్లే, పద," అంది. 

అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒకసారి నూకరత్నం కూతుర్ని చూడడానికి వచ్చి, గేటు దగ్గర మూసిన నోటితో నిలబడి ముక్కులోంచి పొగ వదిలింది. పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడి నవ్వారు. ఆ తరవాత వరహాలు తల్లి గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్ద పెద్ద సదస్సుల్లో అడ్డచుట్ట వల్ల అంగిలి ఎలా పాడవుతుందో బొమ్మలు వేసి చెప్పేటప్పుడు కూడా, "మా ప్రాంతంలో కొందరు స్త్రీలు" అనేది.

ఇప్పుడు ఆ కొందరిలో ఒకరి అంగిలి మీద తెల్లటి మచ్చ కనబడింది. చుట్ట మానకపోతే అది పుండవుతుందని డాక్టరు చెప్పాడు. నూకరత్నం చుట్ట మానడానికి ఒప్పుకుంది. తీరా మొదటిరోజే కరెంటు చుట్ట నోట్లోకి కారింది. సాయంత్రానికి ఆమె మళ్ళీ చుట్ట వెలిగించింది.

పరిశోధనశాలలో అందరికీ అదే తలనొప్పి. ట్యాంకులో ద్రవం ఉంటుంది. దాన్ని దూది వత్తి పీల్చుకుంటుంది. వత్తిని చుట్టిన తీగ వేడెక్కి ఆవిరి చేస్తుంది. వినడానికి తేలికే. కానీ విశాఖ ఎండకి ద్రవం పలచబడేది. లోపలి గాలి వ్యాకోచించి దాన్ని బయటికి తోసేది. నింపిన ప్రతిసారీ మూత దగ్గరి రబ్బరు రింగు కాస్త జరిగేది. వరహాలు రింగులు మార్చింది, ద్రవం చిక్కన చేసింది, వత్తి బిగించింది. బిగిస్తే పొగ రాదు, వదులు చేస్తే కారుతుంది. ఆమె తెల్లకోటు జేబులన్నిటికీ గోధుమరంగు మరకలే.

దారి దొరికింది సొంతూరు ఇసకపాలెంలో, చిన్నమ్మ వాకిట్లో. చిన్నమ్మ కొండమ్మ రాళ్ళ మీంచి గీకి తెచ్చిన ఆల్చిప్పల్ని బాగుచేస్తూ, రాళ్ళని పట్టుకునే వాటి దారాలు తెగక కత్తిపీటని తిట్టుకుంటోంది.

"కెరటం ఎంత కొట్టినా ఊడవే ఇవి. తడిలోనే అతుక్కుంటాయి మరి," అంది.

లోకంలో ఏ జిగురైనా తడిలో జారిపోతుంది. ఆల్చిప్ప జిగురు మాత్రం తడిలోనే గట్టిపడుతుంది. ఈ సంగతి వరహాలు పుస్తకాల్లో ఎప్పుడో చదివింది. అయినా ఆ వాకిట్లో కూర్చున్నప్పుడే దాన్ని ట్యాంకుతో కలిపి ఆలోచించింది.

మరుసటి ఎండాకాలం నాటికి ఆ జిగురు పుట్టించే కణాలు గాజుపళ్ళెంలో పెరుగుతున్నాయి. వరహాలు వాటి స్వభావాన్ని కొంచెం మార్చింది. ఎక్కడ ద్రవం సన్నగా ఊరుతుంటే అక్కడికి పాకి, జిగురు కక్కి, ఆ సందుని మూసెయ్యాలి. గాలి ధాటిగా వచ్చే దారి జోలికి పోకూడదు. పొర చిరిగితే తనే మళ్ళీ అల్లుకోవాలి. కంటికి కనపడనంత పలచటి ఆ పొరకి చిప్పపొర అని పేరు పెట్టారు.

దాన్ని మొదట చూపించిన రోజు, పరిశోధనశాల అధిపతి చక్రధర్ నిండా నింపిన ట్యాంకుని తన తెల్లచొక్కా జేబులో తలకిందులుగా పెట్టుకుని మధ్యాహ్నమంతా ఎండలో తిరిగాడు. తిరిగొచ్చి, అందరి ముందూ జేబు తిరగేసి చూపించాడు. బట్ట మీద చిన్న చుక్క కూడా లేదు. "వర గారూ, మీకు దండం పెట్టాలండీ!" అని నిజంగానే చేతులు జోడించాడు.

కేంద్రంలో పేరు రాయించుకున్న ఆడవాళ్ళకి కొత్త పరికరాలు ఇచ్చారు. నూకరత్నానికీ ఇచ్చారు. ఈసారి కారలేదు. వానాకాలం వచ్చేసరికి ఆమె చుట్టల కట్ట చూరులోనే బూజు పట్టింది. చలి మొదలయ్యేటప్పటికి అంగిలి మీది మచ్చ సగానికి తగ్గింది. వరహాలు ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుని, ఎవరూ లేని గదిలో కళ్ళు తుడుచుకుంది. తల్లి విషయంలో తను గర్వపడడం ఆమెకి అదే మొదటిసారి.

అప్పుడే పీల్పుల యంత్రం దగ్గర ఒకటి చూసింది.

ఆ యంత్రం మనిషిలాగా ఈ-సిగరెట్ పీలుస్తుంది. పొగ వచ్చే చివర, నోటికి బదులుగా, తడి స్పాంజి ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచడానికి సన్నటి గొట్టం లోంచి నీళ్ళు ఊరుతుంటాయి. ఆ రోజు స్పాంజి ఎండిపోయి ఉంది. గొట్టంలో నీళ్ళున్నాయి, రావడం లేదు. వరహాలు గొట్టం కొస కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. రంధ్రం మీద పలచగా, మెరుస్తూ పొర కనబడింది.

ఆవిరితోపాటు కణాలు బయటికి వస్తున్నాయి. ఊరుతున్న చోటు ఎక్కడ దొరికినా మూసేస్తున్నాయి.

అది చూడగానే ఆమెకి అర్థమైంది. అర్థం కానట్టు ఉండడానికి మాత్రం చాలా కష్టపడింది. గొట్టం శుభ్రంగా లేదేమో అనుకుంది. యంత్రానికి మనిషి నోటి వేడి ఉండదు కదా, నోట్లో అయితే చచ్చిపోతాయేమో అనుకుంది. పరికరం రాష్ట్రమంతటికీ ఇవ్వడానికి అనుమతి రావలసిన వారం అది. చక్రధర్ ఊళ్ళోనే ఉన్నాడు, తలుపు తీసే ఉంది. వరహాలు గొట్టం ముక్కని చెత్తబుట్టలో వేసి, యంత్రానికి కొత్త గొట్టం తగిలించింది.

సంక్రాంతి దాటాక తల్లి ఫోన్ చేసింది.

"వరాలూ, నోరు ఎండిపోతందే. ముద్దముద్దకీ నీళ్ళు తాగితే గానీ దిగట్లేదు."

"చుట్ట మానేస్తే మొదట్లో అలాగే ఉంటుందమ్మా."

"మొదట్లో లేదే? ఇప్పుడొచ్చింది."

"వయసు కదా. మజ్జిగ ఎక్కువ తాగు."

కొన్నాళ్ళకి కళ్ళలో ఇసక పడినట్టుందని చెప్పింది. వరహాలు కంటిచుక్కల మందు కొని పంపించింది. కేంద్రం నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా నోరెండుతోందని చెప్పారు. వాళ్ళ పేర్ల పక్కన "వయసు వల్ల" అని తనే రాయించింది. రాయించాక, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి, గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా చాలాసేపు నిలబడింది.

ఆ మాఘమాసంలోనే కొండమ్మ పోయింది. రాళ్ళ మీద కాలుజారి పడిందట.

వరహాలు ఇసకపాలెం చేరేసరికి వాకిలంతా జనం. శవం పక్కన నూకరత్నం కూర్చుని ఉంది. ఒకే కడుపున పుట్టి, ఒకే వీధిలో కాపరం చేసి, రోజూ పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకున్న అక్కచెల్లెళ్ళు వాళ్ళు. ఆ ఊళ్ళో ఎవరు పోయినా నూకరత్నమే ముందు గొంతెత్తేది. పోయినవాళ్ళ మంచిచెడ్డలన్నీ పేరుపేరునా తలుచుకుంటూ ఆమె ఏడుస్తుంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ రోజు ఆమె నోరు తెరిచింది. పొడిగొంతు గరగరలాడింది తప్ప మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించి దగ్గింది. ఎవరో నీళ్ళిచ్చారు. కళ్ళు ఎర్రగా, పొడిగా, గాజుల్లా ఉన్నాయి. ఆమె చేతులు మాత్రం చెల్లెలి పాదాల్ని వదలకుండా నిమురుతున్నాయి. ఆ చేతుల్ని ఎవరూ చూడలేదు. అందరూ కళ్ళే చూశారు.

"సొంత సెల్లి పోతే ఒక్క సుక్క రాలేదు సూడు," అంది పొరుగింటి పోలమ్మ, గుసగుసలాడుతున్నట్టే, అందరికీ వినబడేలా. "ఊరోళ్ళకైతే గుండెలు బాదుకుంటాది. రాయి! ఉత్త రాయి!"

"కూతురు ఉజ్జోగం సేత్తంది కదా, ఇక మనోళ్ళెందుకు?" అని ఇంకెవరో అన్నారు.

నూకరత్నం మెడ తిప్పి చూసింది. పోలమ్మని కాదు. తన వెనకే నిలబడ్డ కూతుర్ని చూసింది. ఏదో ఒకటి చెప్పు అన్నట్టు చూసింది. చదువుకున్నదానివి, నాకేమైందో నువ్వైనా చెప్పు అన్నట్టు చూసింది.

వరహాలు తలదించుకుంది. ఇన్నేళ్ళూ తల్లిని చూసి సిగ్గుపడింది. ఇప్పుడు తనని తను చూసుకుంటేనే సిగ్గేసింది.  అయినా నోరు తెరవలేదు. శవాన్ని లేపారు. నూకరత్నం పొడికళ్ళతో వాకిట్లోనే కూలబడిపోయింది.

మర్నాడు పరిశోధనశాలకి వెళ్ళేముందు వరహాలు తల్లి చెంప లోపలి నుంచి దూదితో తుడిచి తీసుకుంది. ఎందుకని నూకరత్నం అడగలేదు. నోరు తెరిచి కూర్చుంది.

పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. దూదికి అంటినదాంట్లో, గొట్టం కొసన చూసిన పొరే, అదే మెరుపుతో ఉంది. లాలాజలం వచ్చే సన్నటి దారుల్ని మూసింది అదే. అక్కడి నుంచి ముక్కులోకీ, కంటిలోకీ పాకి ఉంటుంది. మనిషి ఒంట్లో ఊరేదంతా దానికి కారడమే. ఎక్కడ ఊరితే అక్కడ మూసుకుంటూ పోయింది. తను నేర్పిన పనిని అది తు.చ. తప్పకుండా చేసింది.

చక్రధర్ సూక్ష్మదర్శిని మీదికి వంగి చాలాసేపు చూశాడు. ఆయన లేచి కేకలు వేస్తాడని, ఎవరికీ చెప్పొద్దంటాడని ఆమె సిద్ధపడి వచ్చింది. అలా అని ఉంటే తేలిగ్గా ఉండేది. పోట్లాడడానికి ఒక మనిషి దొరికేవాడు.

"ఎవరి నమూనా ఇది?" అన్నాడాయన.

"మా అమ్మది."

"మీ అమ్మగారా? కేంద్రంలో? ఎప్పుడూ చెప్పలేదే?"

వరహాలు నమూనా గాజుపలకని తీసి పక్కన పెట్టింది.

"సరే. ముందు అన్నీ వెనక్కి తెప్పిద్దాం. ఇవాళే." ఆయన ఫోన్ తీసుకుని, నంబరు నొక్కబోతూ ఆగాడు. "ఇది మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

ఆయన కోపంగా అడగలేదు. తేదీ కోసం అడిగాడంతే. వరహాలు తేదీ చెప్పింది. గొట్టం సంగతి చెప్పింది. చెత్తబుట్ట సంగతి కూడా చెప్పింది.

చక్రధర్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఆమె వంక చూడకుండా, కిటికీ వైపు తిరిగి, "నా తలుపు తీసే ఉంటుంది కదమ్మా," అన్నాడు.

ఆ మాట ముందు పోలమ్మ తిట్లు ఏపాటివి!

పరికరాలన్నీ వెనక్కి వచ్చాయి. వాటిని కాల్చేశారు. అనుమతి రద్దయింది. విచారణకి సంఘం వేశారు. వరహాలు జరిగినదంతా వాళ్ళ ముందు చెప్పి, ఉద్యోగం వదిలేసింది. పరికరం ఆపేశాక చాలామంది నోళ్ళలో పొర దానంతట అదే పొలుసులుగా ఊడిపోవడం మొదలైంది. నూకరత్నానికి కూడా నోరు కొద్దికొద్దిగా తడుస్తోంది. కళ్ళ సంగతి మాత్రం వేరు. అక్కడ పొర రాయిలా గట్టిపడిందని, కదిలిస్తే చూపుకే మోసమని కంటి డాక్టరు చెప్పాడు. చుక్కల మందు బతికినంతకాలం వేసుకోవలసిందే.

తల్లికి ఆ మాట చెప్పేటప్పుడు మొత్తం చెప్పింది వరహాలు. నూకరత్నం విని, "అయితే నాను ఇంక ఏడవలేనన్నమాట," అంది. అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

కొండమ్మ నెల మాసికం నాడు ఊరంతా వచ్చింది. షామియానా కింద భోజనాల బంతులు సాగుతున్నాయి. నూకరత్నం ఒక మూల స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పక్కన ఎవరూ కూర్చోలేదు. వరహాలు ఆ మూల వంక చూసి, ఇక ఆగలేక, అన్నం వడ్డించే చోటికి వచ్చి నిలబడింది.

"అందరూ ఒక్కమాట వినండి. మా అమ్మ రాయి కాదు. ఆవిడకి ఏడుపు రాక కాదు. నేను తయారుచేసిన కరెంటు చుట్ట వల్ల కళ్ళలో నీళ్ళ దారి మూసుకుపోయింది. తప్పు నాది."

విస్తళ్ళ దగ్గర చేతులు ఆగిపోయాయి.

"అంటే, మీ యమ్మకి మందెట్టీసినావేటి?" అంది పోలమ్మ, నోరు తెరిచి.

"అవును."

"తెలిసేనా?"

తెలియక అని చెప్పొచ్చు. సగం నిజమే అది. వాకిలంతా ఆ సగం నిజం కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

"ఇచ్చినప్పుడు తెలీదు. తెలిసాక కూడా ఆపలేదు. చిన్నమ్మ పోయిన రోజు కూడా తెలిసే ఊరుకున్నాను."

 వెనక బంతిలోంచి ఎవడో కుర్రాడు, "కళ్ళకి బిరడా యేసిందిరోయ్!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. వాళ్ళనెవరో కసిరారు. పోలమ్మ లేచి నూకరత్నం దగ్గరికి వెళ్ళబోయింది. అప్పటికే నూకరత్నం విశాఖ ప్రయాణానికి సర్దుకున్న సంచి భుజాన వేసుకుని వాకిలి దాటేసింది.

వరహాలు పరుగున వెళ్ళి రోడ్డు మీద అందుకుంది.

"అమ్మా, ఎండగా ఉంది. కారెక్కు, విశాఖకి నేనే తీసుకెళ్తాను. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా."

"నీ కారెక్కను. బస్సుకెల్తాను."

బస్టాపు దాకా ఇద్దరూ నడిచారు. అక్కడ నీడలో నిలబడ్డాక నూకరత్నం అంది:

"కన్నీళ్ళు పోతే పోనాయి. ముసిల్దాన్ని, ఎన్నాళ్ళుంటాను? నువ్వు నా మంచికే సేసినావు, అదీ తెలుసు. కానీ నా సెల్లి శవం కాడ అందరూ నన్ను రాయంటంటే, నువ్వు నా ఎనకాలే ఉన్నావు కదే. నీకేసి సూసినాను. తల దించీసుకున్నావు. అప్పుడు సెప్పనిదానివి, బోయినాల కాడ సెప్తావేటి?"

"సిగ్గేసిందమ్మా."

"నానంటే నీకు సిగ్గని నాకెప్పుడో తెలుసు. అది ఏరు. ఇది ఏరు."

వరహాలు ఏదో చెప్పబోయింది.  ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆపుకోలేకపోయింది. కన్నీళ్ళు చెంపల మీదుగా, గడ్డం మీదుగా ధారగా కారాయి. రోడ్డున పోయేవాళ్ళు తిరిగి చూశారు.

నూకరత్నం పొడికళ్ళు ఆర్పుతూ ఆ నీళ్ళ వంక కాసేపు చూసింది.

"తుడుసుకో. నీకొత్తన్నాయి కదాని నాకు సూపించకు," అంది.

వరహాలు గబగబా అరచేతులతో మొహం తుడుచుకుంది.

బస్సు వచ్చింది. నూకరత్నం ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద సంచి పెట్టింది. వరహాలు వెనకే ఎక్కి, ఆ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సులో వేరే సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమ్మా అని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆమె కూర్చోలేదు. రొయ్యల చెరువులు, సరుగుడు తోపులు వెనక్కి పోతున్నాయి. కిటికీలోంచి కొట్టే ఉప్పుగాలికి నూకరత్నం కళ్ళు మంటెత్తినట్టున్నాయి, కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురి వంక చూడలేదు.

భీమిలి మలుపు తిరిగాక, అలా కిటికీలోకి చూస్తూనే, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.